చూపుకు దొరికింది, చెవికి దొరకలేదు: ‘చైనాటౌన్’లో డిటెక్టివ్ పని

1974 జూన్‌లో విడుదలైన ‘చైనాటౌన్’ పేరెత్తగానే అందరికీ గుర్తొచ్చేవి రెండే: హీరో ముక్కు కోసే సీను, చివరి డైలాగు. మధ్యలో రెండు గంటల పాటు ఒక ప్రైవేట్ డిటెక్టివ్ తన పని ఎలా చేసుకుపోతాడో, అది మెట్టుమెట్టుకీ ఎలా బెడిసికొడుతుందో గమనించేవాళ్లు తక్కువ. సినిమా బలమంతా అక్కడే ఉంది. జేక్ గిట్టిస్ చేతగాని డిటెక్టివ్ కాడు. వేసిన ప్రతి ఎత్తూ పారుతుంది, సేకరించిన ప్రతి ఆధారమూ అసలైనదే. అయినా కీలకమైన ప్రతిచోటా ఆ ఆధారాన్ని తప్పుగా అర్థం చేసుకుంటాడు. కారణం ఒకటే. అతను చూస్తాడు, వినడు. వినపడే దూరంలో ఉండడు, ఉన్నా చెవిన పెట్టడు. రచయిత రాబర్ట్ టౌన్, దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ కథను ఈ లోపం మీదే నిలబెట్టారు. ముగింపుతో సహా కథంతా ఇక్కడ విప్పి చెప్పక తప్పదు కాబట్టి, సినిమా చూడనివాళ్లు ముందు చూసి రావడం మంచిది.

మొదటి షాట్‌లోనే ఈ సంగతి పెట్టేశారు. తెర మీద నలుపు తెలుపు ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఒక ఆడ, ఒక మగ, ఆరుబయట, బట్టల్లేకుండా. వెనక నుంచి మూలుగులు వినిపిస్తాయి. ఆ మూలుగులు ఫొటోలో ఉన్నవాళ్లవే అనుకుంటాం. క్షణం తర్వాత కెమెరా వెనక్కి వస్తే తెలుస్తుంది, అది ఆ ఫొటోలు చూసి కుమిలిపోతున్న భర్త ఏడుపు అని. పేరు కర్లీ, చేపలు పట్టేవాడు, గిట్టిస్ క్లయింటు. బొమ్మ సరైనదే, శబ్దం సరైనదే, రెండింటినీ కలిపి మనం కట్టుకున్న అర్థం మాత్రం తప్పు. తర్వాత రెండు గంటలూ ఇదే జరుగుతుంది.

ఫొటోలతో బతికే వృత్తి

కథ 1937 నాటి లాస్ ఏంజెలెస్‌లో జరుగుతుంది. అప్పట్లో కాలిఫోర్నియాలో విడాకులు కావాలంటే అవతలివాళ్ల తప్పు కోర్టులో రుజువు చేయాలి. వ్యభిచారం, క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం, ఇలా చట్టం చెప్పిన కారణాల్లో ఏదో ఒకటి చూపాలి. అందుకే భార్యాభర్తల వెనక పడి ఫొటోలు తీసే ప్రైవేట్ డిటెక్టివ్‌లకు చేతినిండా పని ఉండేది. తప్పు రుజువు చేయకుండానే విడాకులిచ్చే చట్టం ఆ రాష్ట్రంలో 1969లో వచ్చి, 1970 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే సినిమా విడుదలయ్యేనాటికి అక్కడ ఈ వ్యాపారానికి ఊపిరి తీసేసి నాలుగేళ్లు దాటింది.

ఈ వృత్తి గిట్టిస్ బుర్రను ఎలా తయారుచేసిందో గమనించాలి. విడాకుల కేసులో ఫొటోకు మాట అక్కర్లేదు. ఇద్దరు కలిసి కనిపిస్తే చాలు, జడ్జి అర్థం చేసుకుంటాడు. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాడికి, ఒక పెద్దాయన పక్కన చిన్న వయసు అమ్మాయి కనిపిస్తే ఒకే అర్థం తోస్తుంది. మిసెస్ ముల్రేనంటూ ఒకామె వచ్చి, నీటి సరఫరా శాఖ చీఫ్ ఇంజనీరు హాలిస్ ముల్రే మీద నిఘా పెట్టమంటుంది. గిట్టిస్ మనుషులు ఎకో పార్కులో ముల్రేని పట్టుకుంటారు. పడవలో పక్కన ఒక అమ్మాయి. గిట్టిస్ ఇంకో పడవలో వెళ్లి, తన అసిస్టెంటుకు ఫొటో తీస్తున్నట్టు నటిస్తూ వాళ్లను కెమెరాలో బంధిస్తాడు. తర్వాత ఒక భవనం కప్పు మీద నుంచి ఇంకో దఫా. మర్నాడు అది పేపర్లో కుంభకోణం. ఆ అమ్మాయి ముల్రే ప్రియురాలు కాదు, అతను దాచి కాపాడుతున్న పిల్ల. ఫొటోలో ఏ అబద్ధమూ లేదు. పడవలో వాళ్లు ఏం మాట్లాడుకున్నారో వినపడి ఉంటే మొత్తం కేసు వేరు.

ఫొటోలు పేపరుకెక్కాకే అసలు మిసెస్ ముల్రే, ఎవలిన్, లాయరును వెంటబెట్టుకుని గిట్టిస్ ఆఫీసులో ప్రత్యక్షమవుతుంది. మొదటామె ఎవరో పంపిన నటి. క్లయింటు ఎవరో సరిచూసుకోకుండా పని మొదలుపెట్టడం గిట్టిస్ వృత్తిపరంగా చేసిన తొలి తప్పు, బహుశా అన్నిటికన్నా పెద్దది కూడా. అదీ చూపును నమ్మినందువల్లే. ఖరీదైన టోపీ, ముఖం మీద వల, పెద్దింటి తీరు, అంతే, నమ్మేశాడు.

ఈ వరుసలో చిన్నదే అయినా గొప్ప దెబ్బ ఇంకొకటి ఉంది. వాల్ష్ అనే అసిస్టెంటు ముల్రే ఒక ముసలాయనతో రోడ్డు మీద గొడవ పడుతుంటే ఫొటోలు తీసుకొస్తాడు. ఏం మాట్లాడుకున్నారంటే ట్రాఫిక్ మోతలో ఒక్క ముక్కే చెవిన పడిందంటాడు: ‘ఆపిల్ కోర్’. ఆపిల్ కొరికి తినేశాక మిగిలే నడిమి ముక్క. గిట్టిస్ విసుక్కుంటాడు. అసలు మాట ‘ఆల్బకోర్’, ఒక జాతి చేప పేరు, ఆ ముసలాయనకు చెందిన క్లబ్బు పేరు. మొత్తం కుట్రకు తాళం చెవి ఆ ఒక్క మాటే. ఆల్బకోర్ క్లబ్ జెండా గుడ్డ వృద్ధాశ్రమంలో ఒక ముసలమ్మ కుడుతున్న బొంతలో కనిపించేదాకా ఆ చిక్కు వీడదు. చెవి పోగొట్టిన దాన్ని కన్ను తిరిగి తెస్తుంది, కానీ అప్పటికి రెండు ప్రాణాలు పోయాయి.

పనిముట్లు, వాటి పరిమితులు

గిట్టిస్ వాడే ఉపాయాలు సినిమాటిక్‌గా కనిపించినా అన్నీ ఆచరణలో పనికొచ్చేవే. ప్రతిదాన్నీ తెర మీద మొదటి నుంచి చివరి వరకూ చేసి చూపిస్తారు. రెండు మూడు దగ్గరగా చూడాలి.

వాచీ సంగతి. గిట్టిస్ కారు గ్లవ్ బాక్సులో చవక వాచీలు కుప్పగా ఉంటాయి. సముద్రం ఒడ్డున ముల్రే ఎంతసేపు ఉంటాడో తెలియాలి, రాత్రంతా కాపు కాయడం ఇష్టం లేదు. వాచీకి కీ ఇచ్చి, ముల్రే కారు చక్రం కింద పెట్టి ఇంటికి పోతాడు. కారు కదలగానే చక్రం దాని మీదికెక్కి ముళ్లు ఆ క్షణం దగ్గర ఆగిపోతాయి. పొద్దున్నే పగిలిన వాచీ ఏరుకుంటే సరి. అయితే ఆ వాచీ చెప్పేది బండి కదిలిన సమయం ఒక్కటే. ఎవరు నడిపారు, ఎటు పోయారు, మధ్యలో మనిషి దిగి ఏం చేశాడు, ఇవేవీ చెప్పదు. డయల్ 12 గంటలది కాబట్టి పగలో రాత్రో కూడా మనమే పోల్చుకోవాలి. ముల్రే రాత్రంతా అక్కడే ఉన్నాడని గిట్టిస్‌కు తెలిసింది. ఎందుకున్నాడో తెలియలేదు. నిజానికి ఆ కారణం గిట్టిస్ కళ్లముందే జరిగింది. ఒడ్డున గొట్టంలోంచి మంచినీళ్లు ధారగా సముద్రంలోకి పోతుంటే తను తడవకుండా తప్పుకున్నాడు, తిరిగి కారు దగ్గరికొచ్చి అద్దం మీద పెట్టి ఉన్న కరపత్రం చూశాడు: దాహంతో నగరం చచ్చిపోతోందని. నీళ్లు పారబోయడమూ, కరువు ప్రచారమూ ఒకే రాత్రి, ఒకే చోట, ఒకే మనిషికి కనిపించాయి. అతను కలపలేదు, ఎందుకంటే అతను వెతుకుతున్నది ఒక ఆడమనిషిని.

రికార్డు ఆఫీసు సీను దీనికి పూర్తిగా వేరు. సినిమాలో గిట్టిస్ డిటెక్టివ్‌గా నూటికి నూరుపాళ్లు గెలిచేది ఇక్కడే. భూముల రిజిస్టరులో శాన్ ఫెర్నాండో లోయ పేజీలు తిరగేస్తుంటే చాలాచోట్ల పాత యజమాని పేరు మీద కొత్త పేరు అతికించి ఉంటుంది. ఇన్నేళ్లూ మారని భూములు కొద్ది నెలల్లో ఇన్ని చేతులు మారాయన్నమాట. పుస్తకం బయటికి ఇవ్వరు. గుమస్తా విసుగుమొహం. అప్పుడు గిట్టిస్ ఒక స్కేలు అడిగి తీసుకుంటాడు, అక్షరాలు చిన్నగా ఉన్నాయి, వరుస తప్పకుండా చదువుకోవాలంటూ. స్కేలును పేరు పక్కన నిలువుగా అదిమిపెట్టి, గట్టిగా దగ్గుతూ కాగితం పర్రున చించేస్తాడు. స్కేలు వల్ల చింపు తిన్నగా వస్తుంది, దగ్గు వల్ల చప్పుడు తెలియదు, స్కేలు అడిగినందువల్ల అనుమానం రాదు. మూడు సమస్యలకు మూడు జవాబులు, పది సెకన్లలో. కానీ ఆ చినిగిన ముక్క కోర్టులో చెల్లదు. రిజిస్టరు నుంచి విడిపోయిన కాగితం దేనికీ సాక్ష్యం కాదు, పైగా చించినవాడే నేరస్థుడు. గిట్టిస్‌కు అది దారి చూపిస్తుంది, అంతవరకే.

మూడోది కారు వెనక దీపం. ఎవలిన్ రాత్రి ఎక్కడికి వెళ్తోందో తెలుసుకోవడానికి ముందుగా ఆమె కారు వెనక లైట్లలో ఒకదాని ఎర్రద్దం పగలగొడతాడు. ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు. చీకట్లో ఎంత దూరం నుంచైనా వేరే కార్ల మధ్య గుర్తుపట్టవచ్చు, దగ్గరగా వెళ్లి దొరికిపోయే పని లేదు. ఈ ఉపాయమూ పారుతుంది. ఆ దీపం వెంట ఒక ఇంటికి చేరి కిటికీలోంచి తొంగిచూస్తాడు. ఏడుస్తున్న అమ్మాయి, ఆమెకు మాత్ర మింగిస్తున్న ఎవలిన్. మళ్లీ అదే: బొమ్మ ఉంది, మాట లేదు. బలవంతంగా బంధించి మత్తు పెడుతోందని తేల్చేసుకుంటాడు. తల్లి బిడ్డను ఓదారుస్తోందని అతనికి తోచనే తోచదు.

మధ్యలో ఒకసారి మాత్రం గిట్టిస్ మాట వింటాడు. ఎండిన నదిలో ముల్రే గుర్రం మీదున్న కుర్రాడితో మాట్లాడుతుంటే మొదట దూరం నుంచి బైనాక్యులర్స్‌లో చూశాడు, ఏమీ అర్థం కాలేదు. ముల్రే చచ్చిపోయాక స్వయంగా ఆ కుర్రాడి దగ్గరికే వెళ్లి అడుగుతాడు. వాడు రెండు ముక్కల్లో చెప్పేస్తాడు: నీళ్లొస్తాయి, ఒక్కో రాత్రి ఒక్కోచోట. రోజుల తరబడి నిఘా పెట్టి రాబట్టలేనిది ఒక్క ప్రశ్నతో వచ్చింది.

నీళ్ల లెక్క

కుట్ర విన్నకొద్దీ గజిబిజిగా అనిపిస్తుంది గానీ, వరుసలో పెడితే చాలా సాదా. నగరం జలాశయాల నీళ్లను రాత్రిళ్లు గుట్టుగా వదిలేసి కరువు పుట్టిస్తారు. కరువు భయంతో 85 లక్షల డాలర్ల కొత్త ఆనకట్టకు జనం డబ్బు మంజూరు చేయిస్తారు. అదే సమయంలో లోయలోని నారింజ తోటల రైతులకు నీళ్లు అందనీయరు, ట్యాంకులు పేల్చేస్తారు, బావుల్లో విషం కలుపుతారు. దిక్కుతోచక రైతులు చవగ్గా అమ్ముకుంటారు. కొన్నదెవరు? రిజిస్టరులో పేర్లన్నీ ఒక వృద్ధాశ్రమంలోని ముసలివాళ్లవి. తమ పేర భూమి ఉందని వాళ్లకే తెలియదు. మన దగ్గర దీనికి బినామీ అనే ఒక్క మాట చాలు. అందులో ఒక బినామీ భూమి కొనడానికి వారం ముందే చచ్చిపోయాడు. పేపర్లో మరణ ప్రకటనల కాలమ్‌కీ భూమి రికార్డుకీ మధ్య తేదీలు కుదరకపోవడంతోనే మోసం బయటపడుతుంది. పన్ను డబ్బుతో కట్టిన ఆనకట్ట నీళ్లు ఆ లోయకే వస్తాయి, లోయను నగరంలో కలిపేస్తారు, భూమి విలువ 3 కోట్ల డాలర్లు పెరుగుతుందని గిట్టిస్ లెక్కగడతాడు.

ముల్రే ఈ ఆనకట్టకు అడ్డుపడతాడు. బహిరంగ సభలో అతను చెప్పే మాట పూర్తిగా ఇంజనీరు మాట: 112 అడుగుల ఎత్తు మట్టికట్ట, ఇంతకుముందు కట్టిందాని లాంటిదే, నిలవదు, ఒకసారి వందల ప్రాణాలు తీశాం, ఆ తప్పు మళ్లీ చేయను. సభలోకి గొర్రెల మందను తోలుకొచ్చిన రైతు అతన్ని దొంగ అంటాడు. హాల్లో పేపరు చదువుకుంటూ ఇదంతా గిట్టిస్ విన్నాడు. ఆవులిస్తూ విన్నాడు.

ఇందులో నిజమెంత, కల్పన ఎంత అనేది తెలిసి ఉండాలి, ఎందుకంటే ఈ సినిమాను లాస్ ఏంజెలెస్ నీటి చరిత్రగా నమ్మేవాళ్లు అమెరికాలోనే కొల్లలు. అసలు ఘటనలు సినిమా కాలానికి మూడు దశాబ్దాల ముందువి. ఉత్తరాన ఓవెన్స్ లోయ నుంచి 233 మైళ్ల కాలువ తవ్వి, విలియం ముల్‌హాలండ్ అనే ఇంజనీరు 1913 నవంబరు 5న నగరానికి నీళ్లు తెచ్చాడు. ఆ నీళ్లు శాన్ ఫెర్నాండో లోయకు చేరతాయని ముందే పసిగట్టిన పత్రికాధిపతులు, రైల్వే సంపన్నులు అక్కడ వేల ఎకరాలు కొనిపెట్టుకున్నారు. 1915లో లోయలో చాలా భాగం నగరంలో కలిసింది. అయితే రాత్రిళ్లు నీళ్లు పారబోసి కరువు పుట్టించడం, ఇంజనీరును చంపడం, ఇవి టౌన్ అల్లినవి. సినిమాలో చెప్పే పాత ఆనకట్ట ప్రమాదానికి మూలం మాత్రం నిజం. ముల్‌హాలండ్ కట్టించిన సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట 1928 మార్చి 12 అర్ధరాత్రికి కొద్ది నిమిషాల ముందు కూలింది, 400 మందికి పైగా చనిపోయారు. కూలడానికి సుమారు 12 గంటల ముందు ముల్‌హాలండే వచ్చి చూసి ఫరవాలేదన్నాడు. ఆ నిజమైన మనిషిలోని పశ్చాత్తాపాన్ని హాలిస్ ముల్రేకి, ఆశను ఈ కుట్ర నడిపిన ముసలాయన, ఎవలిన్ తండ్రి నోవా క్రాస్‌కి టౌన్ పంచిపెట్టాడని అనుకోవచ్చు.

సినిమా వదిలేసినదొకటి ఉంది, దాన్ని ఊరికే క్షమించలేం. నీళ్లు పోగొట్టుకున్న ఓవెన్స్ లోయ రైతులు కథలో ఎక్కడా లేరు. 1924 మేలో వాళ్లు కాలువను డైనమైటుతో పేల్చారు, ఆ నవంబరులో గేట్లు ఆక్రమించి నీళ్లను తిరిగి లోయలోకి వదిలారు. 1920ల నడుమకే అక్కడి సరస్సు ఎండిపోయింది. సినిమాలో బాధితులు శాన్ ఫెర్నాండో రైతులు, అంటే అసలు చరిత్రలో నీళ్లు అందుకున్న వైపువాళ్లు. కథను ఒకే ఊళ్లో బిగించడానికి ఈ మార్పు పనికొచ్చింది, కానీ చరిత్ర చాలావరకు తలకిందులైంది.

ప్రేక్షకుడినీ చెవిటివాణ్ణి చేయడం

ఈ తరహా సినిమాల్లో డిటెక్టివ్ గొంతు వెనక నుంచి కథ చెబుతుండటం పాత అలవాటు. టౌన్ స్క్రిప్టులోనూ అది ఉండేది. పొలాన్‌స్కీ తీసేశాడు. ఇది చిన్న కత్తిరింపులా కనిపించినా సినిమా రూపాన్నే మార్చింది. వెనక గొంతు ఉంటే, జరిగిపోయిన కథను తెలిసినవాడు చెబుతున్నాడని అర్థం. అది లేకపోతే గిట్టిస్‌కు తెలిసినంతే మనకూ తెలుస్తుంది, అతను పొరబడినప్పుడు మనమూ పొరబడతాం. ముగింపు దాకా హత్య ఒక్కటీ తెర మీద జరగదు. గిట్టిస్ లేని సీను లేదు. తోటలో రైతులు కొట్టి పడేస్తే అతనితోపాటు తెరా నల్లబడుతుంది, అతను కళ్లు తెరిచాకే మనకూ వెలుగొస్తుంది. ఫోనులో అవతలి గొంతు గిట్టిస్‌కు వినపడినంతే మనకూ.

కెమెరా కూడా ఇదే కట్టుబాటులో పనిచేసింది. మొదట స్టాన్లీ కార్టెజ్ మొదలుపెట్టిన ఛాయాగ్రహణాన్ని కొద్ది రోజులకే జాన్ అలోంజో అందుకున్నాడు. కెమెరా తరచుగా గిట్టిస్ భుజం వెనకే ఉంటుంది, కంటి ఎత్తులో, వెడల్పు తెరలో. నీడలతో భయపెట్టడం తక్కువ, ఎండ ఎక్కువ. ప్రొడక్షన్ డిజైనర్ రిచర్డ్ సిల్బర్ట్ గోడలకూ బట్టలకూ దుమ్ము రంగు, ఎండిన గడ్డి రంగు, తెలుపు వాడి కరువును ప్రతి ఫ్రేములో నింపాడు. అన్నీ పట్టపగలు స్పష్టంగా కనిపిస్తుంటే మనిషి ఇంకా బాగా మోసపోతాడు. ఏమీ కనిపించనప్పుడు కనీసం అనుమానం అయినా మిగులుతుంది.

సంగీతానిది వేరే కథ. ఫిలిప్ లాంబ్రో చేసిన స్కోరు పనికిరాదని తేలాక జెర్రీ గోల్డ్‌స్మిత్ 10 రోజుల్లో కొత్తది రాశాడు. ఒక ట్రంపెట్, 4 పియానోలు, 4 హార్ప్‌లు, తీగ వాయిద్యాలు, ఇద్దరు తాళ వాద్యకారులు. ఆ కూర్పులో హార్ప్, పియానో తీగలను గీరి, మీటి రప్పించిన పొడి శబ్దాలు నీళ్లు లేని నది మీద సరిగ్గా కూర్చుంటాయి.

ముక్కు కోసిన సీను ప్రయోజనం కూడా ఇక్కడే చెప్పాలి. కత్తి పట్టిన పొట్టి రౌడీ స్వయంగా పొలాన్‌స్కీ. కొన కదిలేలా తయారుచేసిన కత్తి అది, తిరగేసి పట్టుకుంటే నిజంగానే తెగుతుంది. తర్వాత గిట్టిస్ వేషం వేసిన జాక్ నికల్సన్ ముఖం మీద పెద్ద కట్టు, కొన్ని రోజులకు చిన్న పట్టీ, ఆపైన కుట్లు. పెద్ద స్టారు మొహాన్ని అంతసేపు గుడ్డతో కప్పడానికి ఆ రోజుల్లో గుండె ధైర్యం కావాలి. కథకు కలిగిన లాభం ఏమిటంటే, రోజులు ఎన్ని గడిచాయో ఎవరూ నోటితో చెప్పే పని లేకుండా ఆ కట్టు చెబుతుంది.

ఉప్పునీళ్లు, కళ్లజోడు

సినిమాలో అత్యంత తెలివిగా పెట్టిన ఆధారం ముల్రే ఇంటి పెరట్లోని చిన్న కొలను. గిట్టిస్ మొదటిసారి వెళ్లినప్పుడు జపనీస్ తోటమాలి గడ్డి పీకుతూ ఏదో అంటాడు. నీళ్లు గడ్డికి మంచివి కావని అతని భావం. ఉచ్చారణలో ‘గ్రాస్’ కాస్తా ‘గ్లాస్’ అయింది. గిట్టిస్ ఆ పలుకునే తిరిగి అని నవ్వుకుంటాడు, ఆ మాటలో సంగతి ఉందని అనుకోడు. యాసను చూసి మనిషిని తీసిపారేయడం వల్ల కేసు అరసినిమా వెనక్కి పోయింది. కొలనులో మెరిసే వస్తువు కూడా అప్పుడే కనబడింది, తీసేలోపు ఎవలిన్ వచ్చింది. చైనావాళ్ల మీద గిట్టిస్ చెప్పే బూతు జోకు, చైనాటౌన్‌లో పోలీసుగా పనిచేసినా అక్కడేం జరుగుతోందో ఎప్పుడూ అర్థం కాలేదనే అతని మాట, ఈ తోటమాలి సీను, మూడూ ఒకే దారానికి గుచ్చినవి.

ముల్రే శవం దొరికింది మంచినీళ్ల జలాశయంలో, ఊపిరితిత్తుల్లో మాత్రం ఉప్పునీళ్లు ఉన్నాయని పోలీసు లెఫ్టినెంట్ ఎస్కోబార్ చెబుతాడు. 1937కు ఇది కాలానికి మించిన శాస్త్రమేమీ కాదు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ గెట్లర్ 1921లోనే, గుండె కుడి ఎడమ గదుల రక్తంలో క్లోరైడ్ తేడా చూసి మునిగింది ఉప్పునీళ్లలోనా మంచినీళ్లలోనా తేల్చే పరీక్ష ప్రకటించాడు. తర్వాతి కాలంలో దాని మీద నమ్మకం తగ్గింది గానీ, అప్పటి డాక్టర్లకు ఆ ప్రశ్న తెలుసు.

రెండోసారి వెళ్లినప్పుడు తోటమాలి ‘ఉప్పునీళ్లు’ అని తేటగా అంటేగానీ గిట్టిస్ చెవికి ఎక్కదు. కొలనులోంచి కళ్లజోడు తీయిస్తాడు, ఒక అద్దం పగిలి ఉంటుంది. ఆ జోడు ముల్రేదే, కాబట్టి ముల్రే చచ్చింది ఈ ఇంట్లోనే, కాబట్టి చంపింది ఎవలిన్. మొదటి ‘కాబట్టి’ తర్వాతిది నిజం, రెండోది ఘోరం. ఆ ఊపులోనే ఆమెను చెంపదెబ్బలు కొట్టి నిజం కక్కిస్తాడు. ఆ అమ్మాయి ఆమెకు చెల్లెలు, కూతురు కూడా. ఎవలిన్‌కు 15 ఏళ్ల వయసులో కన్నతండ్రి నోవా క్రాస్ వల్ల పుట్టిన పిల్ల. ఈ నిజం ఏ ఫొటోలోనూ, ఏ రికార్డులోనూ లేదు. ఆమె నోట రావాల్సిందే. వెళ్లబోతూ ఎవలిన్ తేలిగ్గా ఇంకో మాట చెబుతుంది: హాలిస్ దూరపు చూపు, దగ్గరి చూపు రెండూ ఉన్న బైఫోకల్ అద్దాలు పెట్టుకోడు. జోడు క్రాస్‌ది.

చిన్నపిల్ల మీద తండ్రి చేసిన అత్యాచారాన్ని కథకు కేంద్రంగా పెట్టిన ఈ దర్శకుడే 1977లో ఒక మైనర్ బాలిక విషయంలో నేరం ఒప్పుకుని, 1978లో శిక్ష ఖరారు కాకముందే అమెరికా వదిలి పారిపోయాడు. సినిమా గురించి ఎంత వివరంగా మాట్లాడినా ఈ విషయం పక్కన పెట్టి మాట్లాడటం నిజాయితీ అనిపించుకోదు.

చివరి పొరపాటు

క్రాస్ నేరస్థుడని తెలిశాక గిట్టిస్ దగ్గర ఉన్న వస్తురూప సాక్ష్యం ఒక్కటే, ఆ కళ్లజోడు. దాన్ని ఎస్కోబార్ చేతికిస్తే పని అయ్యేది. గిట్టిస్ ఏం చేస్తాడు? క్రాస్‌కు ఫోను చేసి, ముల్రే ఇంటికి పిలిచి, ఒంటరిగా, సాక్షి లేకుండా, జోడు జేబులో పెట్టుకుని నిలదీస్తాడు. క్రాస్ తడబడకుండా అంతా ఒప్పుకుంటాడు, ఎందుకంటే వినేవాడు ఒక్కడే. తన దగ్గర సరిపడా డబ్బుందిగా, ఇంకెందుకని అడిగితే భవిష్యత్తు కోసమంటాడు. తర్వాత క్రాస్ మనిషి తుపాకీ చూపించి జోడు లాక్కుంటాడు. సినిమా మొత్తంలో గిట్టిస్ శ్రద్ధగా విన్న నేరస్థుడి వాంగ్మూలం ఇదొక్కటే. దాన్ని రుజువు చేసే దారి అప్పటికే మూసుకుపోయింది.

క్రాస్ ప్రతిసారీ గిట్టిస్‌ను ‘గిట్స్’ అనే పిలుస్తాడు. సరిచేసినా మార్చుకోడు. పేరు సరిగ్గా పలకాల్సిన అవసరం లేనంత పెద్దమనిషి అతను. ఆ పాత్ర వేసిన జాన్ హ్యూస్టన్, 1941లో ఈ తరహా సినిమాలకు ఒరవడి పెట్టిన ‘ద మాల్టీస్ ఫాల్కన్’కు దర్శకుడు. అందులో డిటెక్టివ్ గెలుస్తాడు.

ముగింపు గురించి టౌన్‌కూ పొలాన్‌స్కీకీ పెద్ద గొడవే జరిగింది. టౌన్ రాసిన రూపంలో ఎవలిన్ తండ్రిని చంపుతుంది, కూతురు తప్పించుకుంటుంది. పొలాన్‌స్కీ ఒప్పుకోలేదు. చైనాటౌన్ వీధిలో గిట్టిస్ చేతికి బేడీలు, అతను ఎస్కోబార్‌కు అరిచి చెబుతున్నదంతా నిజం, చూపించడానికి చేతిలో ఏమీ లేదు. ఎవలిన్ కారు కదులుతుంది, పోలీసు కాలుస్తాడు, తూటా తల వెనక నుంచి కంటిలోంచి బయటికొస్తుంది. పిల్ల క్రాస్ చేతికి చిక్కుతుంది. పొలాన్‌స్కీదే సరైన ముగింపని టౌన్ తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు. అది నిజమే, నిర్మాణం దృష్ట్యా కూడా. రెండు గంటల పాటు గిట్టిస్ పొరబడుతూ వచ్చి, చివర్లో ఎవలిన్ తుపాకీతో అన్నీ సర్దుకుంటే, ఆ పొరపాట్లకు ఖరీదు ఉండేది కాదు. టౌన్‌కు ఆ ఏడాది సినిమాకు వచ్చిన ఒకే ఒక్క ఆస్కార్ దక్కింది, 11 నామినేషన్లలో.

1990లో దీని కొనసాగింపు ‘ద టూ జేక్స్’ వచ్చింది. స్క్రిప్టు టౌన్‌దే, దర్శకుడు నికల్సనే. కాలం 1948, నీళ్ల స్థానంలో చమురు. అందులో పొలాన్‌స్కీ కొట్టేసిన వెనక గొంతు తిరిగొచ్చింది. గిట్టిస్ తన మనసులో మాటలన్నీ మనకు చెబుతూ పోతాడు. కథ కూడా తక్కువ చిక్కుగా ఏమీ లేదు, భూమి కింద హక్కుల మోసం బాగానే అల్లారు. అయినా ప్రేక్షకుడు ఒక్కసారి కూడా గిట్టిస్‌తో కలిసి పొరబడడు. ఏం గమనించాలో అతనే చెప్పేస్తున్నప్పుడు, ‘ఆపిల్ కోర్’ లాంటి మాటను చెవి దాకా వచ్చాక జారవిడుచుకునే వీలే ఉండదు.